మంచు ఎక్కడ పెట్టావు?

మంచు కురవడం ఆగలేదు. షాబాన్ సణగడమూ ఆగలేదు.

"ఇంకెన్నాళ్ళు ఆపా, ఈ పారలతో గీకడం? అవతలి పేటవాళ్ళు కల్లుప్పు చల్లుతున్నారు. తెల్లారగట్ల చల్లితే ఎండ ముదిరేలోపు తారు నల్లగా తేలుతోంది. మనం నడుములు విరగ్గొట్టుకుంటుంటే వాళ్ళు బీడీలు కాల్చుకుంటూ నిలబడుతున్నారు."

రహతీ ఆపా చెక్కపార అంచుకి ఆవనూనె పూస్తోంది. నూనె పూసిన పారకి మంచు అంటుకోదు.

కాశ్మీరులో ఒక కొండపట్నం అది. మంచుని చూసి మురిసిపోయేవాళ్ళు అక్కడికి కార్లలో వస్తారు, కార్లలో పోతారు. ఆ కార్లు వచ్చే దారి ఎవరో ఒకరు తవ్వాలి కదా, ఆ సంగతి వాళ్ళకి పట్టదు.

దేవుడి పేరు చెప్పి చెయ్యి చాచే గురువులు ఎక్కడైనా దొరుకుతారు. రహతీ ఆపా చెయ్యి చాచే మనిషి కాదు. ఆమె దగ్గర చేరిన వాళ్ళంతా వేసవిలో తోటలు చేస్తారు, చలికాలం మంచు తీస్తారు. పార దించేటప్పుడు ఒక నామం, ఎత్తేటప్పుడు ఒక నామం. అదే జపం, అదే జీవనం. ముసలివాళ్ళు కూడా ఆమెని ఆపా, అంటే అక్క, అనే పిలుస్తారు.

ఆమె నడుముకి ఒక అంటుకత్తి వేలాడుతుంటుంది. తన గురువు ఇచ్చినది. శిష్యుడు కట్టిన మొదటి అంటు కాయ కాసిన రోజున అలాంటి కత్తి వాడి చేతికి వస్తుంది. అప్పుడే వాడు ఇంకొకరికి నేర్పాలి. అంతవరకు నోరు మూసుకుని నేర్చుకోవాలి.

షాబాన్ అంటు కట్టిన బేరిచెట్టు ద్రాబూ సాహెబ్ హోటలు గేటు పక్కన ఉంది. ఇంకా ఛాతీ ఎత్తే. వచ్చే వేసవికి కాయాలి.

"నిన్న ద్రాబూ సాహెబ్ నా మొహమ్మీదే అన్నాడు ఆపా. రేపు మధ్యాహ్నం పెళ్ళివాళ్ళ కార్లు వస్తాయట. అప్పటికి దారి కనపడకపోతే మంచుపని ఉప్పువాళ్ళకి ఇస్తాడట. వసంతంలో తోట కూడా వాళ్ళకేనట."

అసలు భయం ఆ చివరి మాట దగ్గరుంది. తోట పోతే చెట్టు పోతుంది. చెట్టు పోతే కత్తి పోతుంది. ఆ సంగతి వాడు చెప్పలేదు. చెప్పకపోయినా అక్కడ ఉన్నవాళ్ళకి అర్థమైంది.

మూలన కాంగ్డీ కుంపటి ఒళ్ళో పెట్టుకుని కూచున్న ముగ్లీ చాచీ ఊరుకుంటుందా? ఆపా శిష్యుల్లో ఆమెది అందరికన్నా పెద్ద నోరు.

"ఉప్పు చల్లుకో నాయనా. పనిలో పని, నీ మాటల మీద కూడా కాస్త చల్లుకో. చప్పగా ఉన్నాయి."

"మీరుండండి చాచీ. ఆపా, ఒక్కమాట చెప్పండి. తెమ్మంటారా, వద్దంటారా?"

ఆపా పారని వెలుగులోకి ఎత్తి అంచు చూసుకుంది.

"ఉప్పు తేవడం తేలికే. తియ్యడం ఎలాగో తెలిసిన రోజున తీసుకురా."

వద్దనలేదు కదా అనుకున్నాడు షాబాన్. తనకి కావలసినంత మేరకే వినే చెవులు కొందరికి ఉంటాయి.

మర్నాడు తెల్లారకముందే ఉప్పుమూటలు ట్రాక్టరు మీద వేసుకుని బయల్దేరాడు. వేసవిలో మడులు దున్నే ట్రాక్టరే అది. చలికాలం దాని ముందు ఇనుపపలక బిగిస్తే మంచు నెడుతుంది. ట్రాక్టరు మోతలో నామం వినపడదని ఆ రోజు నామం కూడా మానేశాడు.

ఉప్పు తన పని తాను చేసింది. రాయిలా బిగిసిన మంచు పెళపెళ విరిగింది, బురదలా కరిగింది. ఇనుపపలక ఒక్క ఊపులో దాన్ని ఊడ్చుకుపోయింది. కార్లు నిలిపే సిమెంటు ఆవరణ, గేటు, గేటు ముందు దారి, అన్నీ తేలాయి. ద్రాబూ సాహెబ్ శాలువా సర్దుకుంటూ బయటికి వచ్చి తారుని బూటుతో తట్టి చూశాడు.

"శభాష్! ఈ బుద్ధి ఇన్నాళ్ళు ఎక్కడ దాచావయ్యా? చలికాలమంతా పని మీదే. తోట కూడా మీదే, పో."

ట్రాక్టరు అక్కడే వదిలి షాబాన్ ఇంటికి నడిచిరాలేదు, ఎగిరివచ్చాడు.

"అయిపోయింది ఆపా! తోట మనదే!"

ఆపా తల ఎత్తింది.

"మంచు ఎక్కడ పెట్టావు?"

"గేటు పక్కన."

"గేటు పక్కన ఎక్కడ?"

షాబాన్ నవ్వాడు. ఈ ప్రశ్న వస్తుందని వాడికి తెలుసు. జవాబు దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాడు. "నా బేరిచెట్టు చుట్టూ. మీరు నేర్పిందే కదా ఆపా, లేతచెట్టుకి మంచే దుప్పటి అని. ఏ వేరుకీ చలి తగలకుండా మెడదాకా కప్పాను."

ముగ్లీ చాచీ ఒళ్ళోని కాంగ్డీని గబుక్కున కింద పెట్టింది.

ఆపా లేచింది. టీ కాచే సమోవార్ చంకన పెట్టుకుంది. "పద, నీ దుప్పటి చూద్దాం," అంది.

వాళ్ళు హోటలు చేరేసరికి మబ్బు విడిపోయింది. ఎండ సూటిగా గేటు మీద పడుతోంది. ఇంటికప్పుల నుంచి చుక్కలు రాలుతున్నాయి. గేటు పక్కన ఛాతీ ఎత్తు మంచుకుప్ప. దాని నెత్తిన, చలికి ఆగేందుకు షాబాన్ తన చేత్తో చెట్టుకి చుట్టిన గడ్డిటోపీ కొస మాత్రం కనపడుతోంది.

ఆపా కుప్ప మొదట్లోంచి దోసిళ్ళతో మంచు తీసి సమోవార్ నింపింది. నడిమి గొట్టంలో గేటుకాపరి కుంపటి నిప్పులు వేసి ఊదింది. టీ ఆకు వేసింది. కాసేపటికి ఆవిరి లేచింది. కప్పు నింపి షాబాన్ చేతికిచ్చింది.

అక్కడి వాళ్ళ టీలో చక్కెర ఉండదు, చిటికెడు ఉప్పు ఉంటుంది. ఆపా చేతి ఉప్పుటీకి పట్నంలో పేరుంది.

షాబాన్ ఒక గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఉప్పు ఎక్కువైంది ఆపా..."

ఆపా తన ఫెరన్ చలికోటు జేబులోంచి ఉప్పుడబ్బీ తీసి వాడి అరచేతిలో పెట్టింది. మూత మీద గుడ్డముడి అలాగే ఉంది. విప్పలేదు.

షాబాన్ ముడిని చూశాడు. కప్పుని చూశాడు.

"నువ్వు ఉమ్మేశావు," అంది ఆపా.

కుప్పలోంచి నీళ్ళు సన్నగా జారుతున్నాయి. బయటికి కాదు, లోపలికి, చెట్టు మొదట్లోకి.

కప్పు వాడి చేతిలోంచి జారిపోయింది. వెనక్కి తిరిగి ట్రాక్టరు వైపు పరిగెత్తబోయి ఆగిపోయాడు. ఇనుపపలక తగిలితే లేతమాను పుటుక్కుమంటుంది. పార కూడా పనికిరాదు. మోకాళ్ళ మీద కూలబడి చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. గేటుకాపరి దగ్గర బుట్ట లాక్కున్నాడు, నింపాడు, నెత్తికెత్తుకుని పక్కనే ఉన్న కాలవ వైపు నడిచాడు.

"ఆ కాలవ ఎక్కడ తేలుతుందో తెలుసా?" వెనక నుంచి ముగ్లీ చాచీ గొంతు. ఆమె రొప్పుతూ అప్పుడే వచ్చి చేరింది. "కిందిపేట ఆకుకూర మడుల్లో. వాళ్ళు ఏం తిని చావాలి?"

షాబాన్ రోడ్డు దాటబోయాడు. అవతల గట్టు కింద ఎవరిదో ఆపిల్ తోట, ఆకు లేకుండా, వరసలు వరసలుగా.

ఇటు తిరిగాడు. ఇటు హోటలు వాళ్ళ గులాబీ మడులు. నిరుడు తనే నాటాడు.

నడిరోడ్డున నిలబడిపోయాడు. బుట్ట కారుతోంది. ఉప్పునీళ్ళు నుదుటి మీదుగా కళ్ళలోకి దిగాయి. తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు.

"ఎక్కడ పెట్టను ఆపా?"

"పొద్దున్నే అడగాల్సిన మాట," అంది ఆపా. అని, నిప్పులు ఊదుకుంది.

ఎండ ఇంకా పైకొచ్చింది. గడ్డిటోపీ నుంచి చుక్కలు టపటపా పడుతున్నాయి.

షాబాన్ కళ్ళు మూసి తెరిచాడు. ఏమీ మొలవని చోటు అక్కడ ఒక్కటే ఉంది. పొద్దున్న తను అద్దంలా ఊడ్చిన సిమెంటు ఆవరణ. అక్కడి నీళ్ళు హోటలు మురుగుగుంటలోకి పోతాయి. గేటు లోపలికి నడిచి, నట్టనడుమ బుట్ట బోర్లించాడు.

ద్రాబూ సాహెబ్ శాలువా జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"నీకేం పిచ్చెక్కిందా? పెళ్ళివాళ్ళ కార్లు కొండమలుపు తిరిగాయి!"

"చెట్టు చచ్చిపోతుంది సాహెబ్. ఈ మంచంతా ఉప్పు."

"చెట్టా? ఆ పుల్లా? వసంతంలో పది కొనిపెడతాను. ముందు ఇది ఎత్తు!"

షాబాన్ కదల్లేదు.

"విను షాబాన్." ద్రాబూ సాహెబ్ గొంతు తగ్గించాడు. డబ్బున్నవాడు గొంతు తగ్గిస్తేనే భయపడాలి. "ఇంకొక్క బుట్ట ఇక్కడ పడిందా, నువ్వూ, మీ ఆపా, మీ పారలూ మళ్ళీ ఈ గేటు తొక్కరు."

షాబాన్ ఆపా వైపు చూశాడు. ఔననీ కాదనీ ఆమె మొహంలో ఏమీ లేదు. అసలు ఇటు చూడటమే లేదు.

ముగ్లీ చాచీ వైపు చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది. చలికాలం ఇంకా సగమైనా గడవలేదు. ఇంట్లో అందరి అన్నం ఈ గేటులోంచే రావాలి.

చెట్టు బతికితే తనది కాదు. తనదిగా ఉండాలంటే బతకదు.

దూరంగా మలుపులో హారన్లు వినిపించాయి.

షాబాన్ ఖాళీబుట్ట తీసుకుని కుప్ప దగ్గరికి నడిచాడు. నింపాడు. పెదాలు కదిలాయి. బుట్ట ఎత్తేటప్పుడు ఒక నామం. ఆవరణ నడుమకి వచ్చి బోర్లించాడు. దించేటప్పుడు ఒక నామం.

ద్రాబూ సాహెబ్ ఇంక ఏమేం తిట్టాడో రాయడం కాగితానికి దండగ. షాబాన్‌కి అవేవీ వినపడలేదు. కార్లు గేటు బయటే ఆగాయి. పట్టుబట్టల వాళ్ళు అంచులు చేత్తో ఎత్తిపట్టుకుని, ముక్కులు ఎగబీలుస్తూ లోపలికి నడిచారు. పెళ్ళికూతురు మాత్రం ఆగి, మంచులో మోచేతులదాకా దిగిన మనిషిని వింతగా చూసి పోయింది.

కుప్ప తరిగింది. మాను బయటపడింది. మొదలు తడితడిగా ఉంది. ఎవరూ చెప్పకుండానే ముగ్లీ చాచీ గేటుకాపరి గుడిసె కప్పు మీది కొత్తమంచు తట్టలతో దింపింది. ఇద్దరూ కలిసి దాన్ని మొదట్లో పరిచారు. అది మంచినీళ్ళయి కరిగింది. మళ్ళీ పరిచారు. చేతులు రక్తం చిమ్మేదాకా పరుస్తూనే ఉన్నారు.

పొద్దు వాలేసరికి గేటు వాళ్ళ వెనక మూసుకుంది. లోపలి నుంచి గడియ పడిన చప్పుడు ముగ్గురూ విన్నారు.

తర్వాత మంచు పడ్డ రోజు వాళ్ళకి దొరికిన పని ఒక రొట్టెల కొట్టు వాకిలి. ఇరుకు సందు. కూలి కింద రొట్టెలు.

షాబాన్ పార దించాడు, ఎత్తాడు. ఎత్తిన పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏం నాయనా, తూకం వేస్తున్నావా?" అంది ముగ్లీ చాచీ. "కాస్త తొందరగా తూచు, రొట్టెలు చల్లారిపోతున్నాయి."

వాడు కొట్టు గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలి వైపు తిరిగాడు. "అమ్మా, వేసవిలో ఈ గోడవార ఏం పెడతారు?"

"అక్కడా? పుదీనా." ఆమెకి ఆశ్చర్యమేసింది. మంచు తీసేవాడు అడిగే ప్రశ్న కాదది. "ఎందుకు?"

"అవతలి వైపు?"

"అటు ఏమీ రాదు. రాళ్ళు."

షాబాన్ పార తిప్పి రాళ్ళ వైపు వేశాడు. ఆ మంచులో ఉప్పు రవ్వంతైనా లేదు. అయినా అటే వేశాడు.

ఆపా చూస్తోంది. దగ్గరికి వచ్చి నడుముకున్న తాడు విప్పింది. అంటుకత్తి వాడి చేతిలో పెట్టింది. పుళ్ళు ఇంకా మానని చేతులు అవి.

షాబాన్ వెనక్కి ఒక అడుగు వేశాడు. "నా అంటు కాయలేదు ఆపా. బతికిందో లేదో కూడా తెలీదు. ఆ గేటు ఇంక..."

ఆపా వాడి రెండో చేతిలోంచి పార తీసుకుంది. నామం పలికి, నిండా మంచు ఎత్తింది. ఎత్తి, కదలకుండా నిలబడింది.

"ఇది ఎక్కడ పెట్టమంటావు?" అంది.