పునుగుపిల్లి పలకరింపు

అనగనగా ఒక అడవిలో జంతువులు కూడా బండ్లు తోలేవట. నవ్వకండి, ఇది నవ్వుకునే కథ కాదు.

బండ్లు ఉన్నాక దెబ్బలూ ఉంటాయి కదా. అందుకని ఆ జంతువులన్నీ ఏటా తమ మేతలో కొంత తీసి కొండ కింది కొట్టంలో దాచేవి. దారిలో ఎవరికైనా తమ తప్పు లేకుండా దెబ్బ తగిలితే, నయమయ్యేదాకా ఆ కొట్టం నుంచే మేత పంపాలి. అదీ కట్టుబాటు. కొట్టానికి పెద్దగా ఉండేది అడవిదున్న. దెబ్బ ఎంతో చూసి వచ్చి చెప్పే పని పునుగుపిల్లిది. దానికి ఒంటినిండా సువాసన, నోటినిండా తీపి మాటలు.

ఎండాకాలం మొదట్లో ఎలుగుబంటి బండి మలుపులో అదుపు తప్పి, ఎదురుగా వస్తున్న దుప్పి బండిని గుద్దింది. దుప్పి వెనక కాలు వాచిపోయింది. ఇంట్లో ఇంకా పాలు మానని పిల్ల ఉంది.

పక్క పొదలో ఉండే ముళ్లపంది పరుగున వచ్చింది. "పునుగుపిల్లి వస్తుంది. ఏమడిగినా కాలు నొప్పిగా ఉందని మాత్రం చెప్పు. ఇంకేమీ మాట్లాడకు, ఏమిచ్చినా తీసుకోకు" అంది.

"ఇంటికొచ్చినవాళ్ల ముందు మొహం ముడుచుకుని ఎలా కూర్చుంటాను అక్కా?" అంది దుప్పి.

పునుగుపిల్లి వచ్చింది. రాగానే బాగున్నావా అమ్మా అని అడిగింది. ఎవరైనా అలా అడిగితే మనం ఏమంటాం? దుప్పి కూడా అదే అంది. నొప్పిని పళ్ల బిగువున ఆపుకుని లేచి, దొప్పలో నీళ్లు కూడా ఇచ్చింది. తర్వాత పునుగుపిల్లి, పాపం ఎలుగుబంటి ఎంతో బాధపడుతోందని చెప్పింది. దాని మనసు కష్టపెట్టడం ఎందుకని, "నేనే కాస్త చూసుకుని రావలసింది లెండి" అంది దుప్పి. వెళుతూ వెళుతూ పునుగుపిల్లి ఒక గడ్డిమోపు అక్కడ పెట్టి, పిల్ల కోసం ఉంచమంది. పిల్ల పేరు చెప్పి ఇచ్చినదాన్ని వద్దంటే బాగుండదని దుప్పి తీసుకుంది.

నాకైతే ఇక్కడికొచ్చేసరికి ఒళ్లు మండుతుంది.

కాలి నొప్పి తగ్గలేదు. లోపల ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. గడ్డి అయిపోయాక దుప్పి కుంటుకుంటూ కొట్టానికి వెళ్లి మేత అడిగింది. అడవిదున్న పునుగుపిల్లి వైపు చూసింది.

"బాగున్నానని తనే చెప్పింది. లేచి నడవడం నేను చూశాను. తప్పు కూడా తనదేనంది. అయినా మేత ఇచ్చాం, తీసుకుంది. ఇంకేం కావాలి?" అంది పునుగుపిల్లి. గొంతు అప్పుడూ తీయగానే ఉంది.

"అవన్నీ మర్యాదకు అన్న మాటలు" అంది దుప్పి.

"అన్నావు కదా మరి" అంది అడవిదున్న. కొట్టం తలుపు మూసేశారు.

పిల్లకు పాలు కావాలంటే తల్లి తినాలి. దుప్పి ఆ కాలుతోనే వాగు అవతలికి మేతకు వెళ్లసాగింది. ఒక సాయంత్రం చిరుత వచ్చింది. మంద పరుగెత్తింది. దుప్పి పరుగెత్తలేకపోయింది.

పిల్ల తల్లి కోసం చూసి చూసి, ఆకలికి ఏడ్చింది. ముళ్లపంది వచ్చి దాన్ని తన పొదలోకి తీసుకెళ్లింది. పాలు ఎక్కడివి? దొరికిన లేత చిగుళ్లే నమిలి పెట్టింది.

ఆ పిల్ల ఎలాగో బతికి పెద్దదైంది. దానికి మర్యాద తెలియదని అడవిలో అంతా అంటారు. బాగున్నావా అని ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పమని ముళ్లపందే దానికి నేర్పింది.

నీతి: మన నష్టాన్ని తూచడానికి వచ్చినవాడు చుట్టం కాడు, వాడికి మర్యాద మాటలు కాదు, ఉన్న నిజమే చెప్పాలి.