జానెడు జానెడుగా తరిగిన వీధి

నదులు దారి మార్చుకునేంత కాలం కిందటి మాట ఇది. అనగా అనగా వైడూర్యపురమని ఒక పట్టణం ఉండేది. దాని కోటగోడను ఒరుసుకుంటూ ఏరు పారేది. పడవల్లో సరుకు వచ్చేది, సరుకు వెంట సిరి వచ్చేది. తర్వాత ఏరు దూరం జరిగింది. పడవలు ఆగిపోయాయి. చెరువులు పూడిపోయాయి, కోటగోడ పెచ్చులూడింది, బావుల్లో నీళ్ళు అడుగంటాయి.

జనం రావడం మాత్రం ఆగలేదు. చుట్టుపక్కల పల్లెల్లో వానలు లేక, తాగడానికి గంజి లేక, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని అందరూ అక్కడికే వచ్చేవారు. పట్టణానికి పాత పేరు అలాంటిది మరి. రాజుగారు మేడ మీద నిలబడి, "చూశారా మంత్రీ! మన వీధుల్లో ఇసుక వేస్తే రాలదు!" అని మురిసిపోయేవాడు. అంతమందికి నీళ్ళు సరిపోతున్నాయా అని ఆయన అడగలేదు. మంత్రి చెప్పనూ లేదు.

ఆ పట్టణంలో ఒక అలవాటు ఉండేది. ఇంట్లో మనుషులు పెరిగినప్పుడల్లా అరుగునో గోడనో ఒక జానెడు వీధిలోకి జరుపుకునేవారు. ఒకడు జరిపితే ఎదుటివాడూ జరిపేవాడు. అడ్డుకునేవాడు లేడు. అడ్డుకోవలసిన తలారి ఇంటి అరుగే అందరికన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉండేది!

ఆ పట్టణంలోని నేతవీధిలో భద్రయ్య అనే నేతగాడు ఉండేవాడు. నెమ్మదస్తుడు, పనిమంతుడు. అతనికీ భార్య తిరుపతమ్మకూ ఒక్కతే కూతురు, అలివేలు. ఆమెను ఏటి అవతలి పల్లెకు ఇచ్చారు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమె కడుపు పండలేదు. ఒక్క మనవడినో మనవరాలినో ఎత్తుకుని ముద్దాడితే చాలు, ఇంకేమీ వద్దని ఆలుమగలు మొక్కని దేవుడు లేడు.

ఒక ఏడు పల్లె నుంచి భద్రయ్య చిన్నాన్న కొడుకులు వచ్చి చేరారు. పడుకోవడానికి చోటు చాలలేదు. "జానెడే కదా" అని భద్రయ్య అరుగు జరిపాడు. ఎదురింటి కోటిలింగం కూడా జరిపాడు. దాంతో వీధిలోకి బండి రావడం మానేసింది. కట్టెలైనా ధాన్యమైనా వీధి మొదట్లో దించుకుని నెత్తిన మోసుకోవలసి వచ్చింది. మెడలు నొప్పి పుట్టినా ఎవరూ అరుగుల వంక చూడలేదు.

వచ్చినవాళ్ళకు పని చూపించాలి కదా! ఇంకో మగ్గం పెట్టడానికి భద్రయ్య మరో జానెడు జరిపాడు. కోటిలింగమూ ఊరుకోలేదు. ఇక్కడే ఉంది, పిల్లలూ, అసలైన తెలివితక్కువతనం. నేతగాడు మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి ఆరబెట్టాలి. వీధి లేకపోతే మగ్గమెందుకు? ఇప్పుడు పడుగు సాస్తే దారినపోయేవాళ్ళ భుజాలు తగిలి పోగులు తెగసాగాయి. వీధి వీధంతా పడుగులు మోసుకుని ఎండిన ఏటి ఇసుకలోకి పోవలసి వచ్చింది. అక్కడి దుమ్ము నూలుకు పట్టి బట్ట గరుకెక్కింది. కొనేవాళ్ళు పెదవి విరిచారు. మగ్గాలు పెరిగాయి, గంజి పలచబడింది.

అప్పుడొచ్చింది చల్లని కబురు. అలివేలు కడుపు పండింది!

తొలికాన్పు పుట్టింట్లోనే కదా. నెలలు నిండుతుండగా ఆమె బండిలో వచ్చింది. వీధి మొదట్లో బండి దిగి, పొట్టకు చేతులు అడ్డం పెట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ నడిచి ఇల్లు చేరింది. చేరేసరికి తండ్రి మట్టి తొక్కుతున్నాడు.

"ఏం కడుతున్నావు నాన్నా?"

"నీకు పురిటిగది కావద్దూ తల్లీ? ఇంట్లో చోటెక్కడుంది? ముందుకు జానెడు జరిపితే సరిపోతుంది."

"నడిచి వస్తుంటే ఇప్పటికే అటూ ఇటూ గోడలు తగిలాయి. ఇంకా జరుపుతావా?"

"నీ కోసమేనమ్మా" అన్నాడు భద్రయ్య. నిజంగానే ఆమె కోసమే కట్టాడు. ఆ గోడను ఎంత ప్రేమగా అలికాడో చెప్పలేను.

ఒక మిట్టమధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని సూరమ్మ వచ్చి చెయ్యి వేసి చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"బిడ్డ అడ్డం తిరిగింది భద్రయ్యా. నా వల్ల కాదు. కోట దగ్గరి వైద్యుడి ఇంటికి మోసుకుపోండి. ఆలస్యం చెయ్యకండి!"

నులకమంచం మీద అలివేలును పడుకోబెట్టి నలుగురు ఎత్తారు. గడప దాటి తిప్పబోతే మంచం కొత్త గోడకూ కోటిలింగం అరుగుకూ మధ్య ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. వంచి తిప్పబోతే అలివేలు కెవ్వుమంది. చేతుల మీద ఎత్తుకుపోదామంటే అడుగు పెట్టే సందు లేదు. అటు నీళ్ళకుండల వాళ్ళు, ఇటు కట్టెల మోపుల వాళ్ళు. "జరగండి, జరగండి" అని అందరూ అరిచేవాళ్ళే, జరగడానికి చోటేది?

"నాన్నా, నా బిడ్డ!" అంది అలివేలు.

భద్రయ్య గడ్డపార అందుకున్నాడు. ఏడుస్తూనే తన గోడను తానే పొడిచాడు. గోడ కూలి, మంచం తిరిగి, జనం తప్పుకుని, వైద్యుడి ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. వైద్యుడు తల్లిని దక్కించాడు. బిడ్డ దక్కలేదు.

"కాస్త ముందు తెచ్చి ఉంటే..." అన్నాడు ఆయన, చేతులు కడుక్కుంటూ.

"నా చేతులతో నేనే కట్టుకున్నాను, నా మనవడికి సమాధి" అని భద్రయ్య గుండెలు బాదుకున్నాడు. ఓదార్చబోయిన తిరుపతమ్మ కూడా అతని పక్కనే కూలబడి ఏడ్చింది.

ఇంటికి వచ్చి అతను మిగిలిన గోడ పడగొట్టాడు. మగ్గం కోసం జరిపింది పడగొట్టాడు. అరుగు కూడా తవ్వేశాడు. వీధివాళ్ళు చూసి, దుఃఖంలో మతి చలించిందనుకున్నారు.

కొన్నాళ్ళకు అలివేలు కోలుకుంది. వైద్యుడి ఇంటి నుంచి ఆమెను నడిపించుకుని వస్తే ఏముంది? అతను వదిలిన చోటంతా కోటిలింగం కొత్త గోడ లేపేశాడు. మట్టి ఇంకా ఆరలేదు.

"ఇదేం పని?" అన్నాడు భద్రయ్య.

"ఏం చెయ్యను బావా? ఊరికే పడున్న చోటు. నేను కాకపోతే ఇంకొకడు కలుపుకుంటాడు. మా పిల్ల పురిటికి వస్తోంది, గది కావద్దూ?"

భద్రయ్య ఏమంటాడు? అవి తను అన్న మాటలే. అలివేలే ముందుకు వచ్చింది. పాలిపోయిన ముఖం, ఖాళీ చేతులు.

"మామయ్యా, నేను ఇరుక్కున్న చోటు ఇదే. నీ కూతుర్ని తెచ్చుకునే ముందు ఒక్కసారి ఇక్కడ మంచం తిప్పి చూసుకో" అంది.

కోటిలింగం తల వంచుకున్నాడు. పచ్చి గోడ వంక చూశాడు, ఆమె ఖాళీ చేతుల వంక చూశాడు. గడ్డపార తెచ్చుకుని గోడ పడగొట్టాడు. ఆ నెలలోనే నొప్పులతో వాళ్ళ పిల్లనూ వైద్యుడి ఇంటికి మోయవలసి వచ్చినప్పుడు, మంచం ఆ ఇంటి ముందు అనాయాసంగా తిరిగింది.

తక్కిన వీధి మాత్రం మారలేదు. అరుగుల మీద కూర్చుని అంతా చూసినవాళ్ళు, "అయ్యో పాపం" అని లోపలికి పోయారు. వాళ్ళ గోడలు అలాగే ముందుకు వచ్చాయి. అలివేలు ఏరు దాటి అత్తవారింటికి వెళ్ళిపోయింది. అమ్మానాన్నలను చూడాలనిపిస్తే వాళ్ళనే రమ్మని కబురు పెట్టేది తప్ప, మళ్ళీ ఆ వీధిలో అడుగు పెట్టలేదు.

అందరి దారినీ ఎవరికి వారు కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పోతే, ఆపద వచ్చిన రోజున ఎవరికీ దారి దొరకదు.