తెల్లన్నం తిన్న కాళ్లు

తిరువెంగళాచార్యులవారికి ఒక అలవాటుండేది. అడిగిన ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని చేతికిచ్చి పంపేసేవారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకుందామని వచ్చినవాళ్లలో సగంమంది ఈ బాధ పడలేక ఏడాది తిరక్కుండానే మూటాముల్లె సర్దుకున్నారు. మిగిలినవాళ్లలో అందరికన్నా కోపిష్ఠి పోలినాయుడు. అన్యాయం కనిపిస్తే అతనికి అన్నం సయించదు. అది మంచి గుణమే. కాకపోతే అన్యాయం ఎక్కడుందో తెలుసుకోకముందే కోపం వచ్చి కూర్చునేది.

నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఊరికి బియ్యం మిల్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఆచార్యులవారు పాతకాలపు వైద్యులే అయినా కొత్త చదువును తోసిపుచ్చినవారు కాదు. ఇత్తడి సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర పెట్టి శిష్యులకు చూపించేవారు. మన ఒళ్లంతా ఇలాంటి గదులేననీ, వాటినే కణాలంటారనీ, ఏ గదిలో పొయ్యి ఆ గదిదేననీ చెప్పేవారు. “తిన్నదంతా కడుపులోనే సత్తువైపోతుందనుకోకండిరా. అన్నం అరిగి, రక్తంలో కలిసి, ఆ గదుల్లోకి చేరాలి. అక్కడైనా భగ్గున మండదు. మెట్టు మెట్టుగా విరిగి, పీల్చిన గాలి తోడుంటే, కాసింత కాసింతగా సత్తువ ఇస్తుంది. వచ్చింది వచ్చినట్టే అయిపోతుంది, మళ్లీ చేసుకోవాలి” అనేవారు.

ఒకరోజు పొద్దున్నే పోలినాయుడు రుసరుసలాడుతూ వచ్చాడు. “గురువుగారూ, మూడుపూటలా కడుపునిండా అన్నం తినే మనిషికి సత్తువెందుకుండదు? పొయ్యి నిండా కట్టెలుంటే మంటెందుకు రాదు?” అని అడిగాడు.

అతని మండిపాటు గున్నమ్మ గురించి. ఆమె మిల్లు కళ్లంలో ధాన్యం ఎండబోసి తిరగేసే ముసలి కూలి మనిషి, పోలినాయుడికి పొరుగు. మిల్లువాళ్లు కూలి కింద బియ్యమే ఇచ్చేవారు, అదీ బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం. దంపుడు బియ్యం తిని పెరిగిన ఆడవాళ్లకు అదొక గొప్ప. పెద్దిళ్లలో పండగపూట వండుకునే అన్నం తమ కుండల్లో ఉడుకుతుంటే ఎవరికి మాత్రం సంతోషం కాదు? కూరకు గతిలేకపోయినా ఉప్పూమిరపకాయా నంజుకుని అదే తినేవారు. అలా ఏడాది గడిచేసరికి గున్నమ్మ కాళ్లు తేలిపోయాయి. పార పట్టుకుంటే చేతుల్లోంచి జారిపోయేది. మిల్లు మేస్త్రీ మాత్రం “తిండి బాగానే తింటావు, పనికే వేషాలు” అని నలుగురిలో తిట్టి, రేపట్నుంచి రావద్దన్నాడు. కూలి పోతే ఆమెకు గింజ పెట్టే దిక్కు లేదు.

ఆచార్యులవారు గున్నమ్మ గుడిసెకు వచ్చి చూశారు. ఆమె పిక్కలు నొక్కితే కెవ్వుమంది. గొంతుక్కూర్చుని లేవమంటే లేవలేకపోయింది, గోడ పట్టుకుని కూలబడింది. ఆయన పోలినాయుడి వైపు తిరిగి, “మిల్లులో తాజా తవుడు అడిగి తెచ్చి, జల్లించి, రెండుపూటలా వేడినీళ్లలో చారెడు కలిపి తాగించు. తెల్లన్నం మాన్పించి, రాగిపిండితో చోడంబలి కాచి పెట్టు” అన్నారు. ఎందుకో చెప్పలేదు.

తవుడైతే తెచ్చాడుగాని, గ్లాసు చూడగానే గున్నమ్మ ముఖం నల్లబడింది. “నాను గొడ్డునేటి, బాబూ? మేస్త్రీ అన్నది సాలక, నువ్వు కుడితి కూడా తెచ్చినావా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

పోలినాయుడికి ఒళ్లు మండిపోయింది. ఒక ముసలి మనిషి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాలుగు మెతుకులు తెల్లగా తింటుంటే, ఆ కాస్తా లాక్కుని పశువుల దాణా తాగించమనడానికి ఈయనకు నోరెలా వచ్చింది? ఇదే ఏ జమీందారిణికో జబ్బు చేస్తే తవుడు తాగమని చెబుతారా? పేదవాళ్లంటే పెద్ద చదువులవాళ్లకీ లోకువే కదా అనుకున్నాడు. ఆ గ్లాసు తీసుకెళ్లి ఎదురింటి గేదె గోలెంలో కుమ్మరించాడు. ఇంట్లోంచి పంచదార తెచ్చి, పిడికిళ్ల కొద్దీ పోసి, తెల్లబియ్యంతో పరమాన్నం వండి దగ్గర కూర్చుని తినిపించాడు. గున్నమ్మ వద్దనకుండా తింది, అతన్ని నోరారా దీవించింది కూడా. నాలుగు రోజులు ఇదే వరస.

అయిదోనాడు పొద్దున వెళ్లేసరికి ఆమె పడుకోలేక, కూర్చోలేక రొప్పుతోంది. కాళ్లు ఉబ్బిపోయాయి. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చీర మీదుగానే తెలుస్తోంది. “బాబూ, పేణం ఎల్లిపోతందేటి?” అంది. పోలినాయుడు గురువుగారింటికి పరిగెత్తి, వాకిట్లోనే జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

ఆచార్యులవారు తిట్టలేదు. తవుడు డబ్బా తీసుకుని అతనికన్నా ముందు నడిచారు. గున్నమ్మ గుడిసెలో నేలమీద కూర్చుని రెండు గ్లాసులు కలిపారు. ఒకటి ఆమె చూస్తుండగా తాను తాగారు. రెండోది చేతికిచ్చి, “ఇది గొడ్డు తిండి కాదమ్మా. నీ గింజ మీద నుంచి గీకి తీసిందే, మళ్లీ నీకు ఇస్తున్నాను” అన్నారు. ఆమె గుక్కగుక్కగా తాగింది.

ఆమె తాగేదాకా ఆగి, అప్పుడన్నారు శిష్యుడితో: “అన్నం విరిగే మెట్లలో ఒక మెట్టుంది. తవుడులో ఉండే సారం రవ్వంత లేకపోతే గదిలో పని అక్కడే నిలిచిపోతుంది. నువ్వు పోసిన పంచదారంతా ఆ మెట్టు దగ్గరే పోగుపడింది. ఆమె ఒంట్లో మిగిలిన ఆ రవ్వంత సారాన్నీ ఊడ్చేసింది.”

ఆ మాటతో పోలినాయుడు అంతకాలం లోకం మీద చూపించిన కోపమంతా ఇప్పుడు తనమీదికి తిరిగింది. దయ అనుకుని వండిపెట్టింది దాదాపు ప్రాణం తీసినంత పని చేసింది. ఆనాటి నుంచి రెండుపూటలా తనే తవుడు జల్లించి కలిపి తెచ్చేవాడు, ఆమె గ్లాసు ఖాళీ చేసేదాకా కదిలేవాడు కాదు.

మూడు రోజులకు రొప్పు తగ్గింది. కాళ్ల వాపు తీసింది. రెండు నెలలు దాటాక ఒకరోజు గున్నమ్మ గొంతుక్కూర్చుని, గోడ పట్టుకోకుండా లేచింది. లేచి, “పద బాబూ, మిల్లుకి” అంది.

మిల్లు కళ్లంలో మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు. మళ్లీ పనిలోకి వస్తాననీ, కూలిలో సగం బియ్యం తగ్గించి ఆ మేరకు తవుడు ఇమ్మనీ ఆమె అడిగితే పకపకా నవ్వాడు. “కడుపునిండా తెల్లబియ్యం కొలిచి ఇస్తుంటే ఇంకేం కావాలే నీకు? తవుడు ఎడ్లకి. బస్తాల బండి లాగద్దా అవి?”

“ఆ బస్తాలు బండికి ఎత్తింది నీ ఎడ్లేటి?” అంది గున్నమ్మ. “ఒక్క ఏడాది ఆటికి నీ తెల్లన్నం ఎట్టి సూడు, బండి ఎవులు లాగుతారో!” తర్వాత ధాన్యం తిరగేస్తున్న ఆడవాళ్లవైపు తిరిగి, “పిల్లల్లారా, పారలు కింద పెట్టి గొంతుక్కూకోండి. సెయ్యి ఆనకుండా నెగండి సూద్దాం” అని కేకేసింది.

పదకొండుమంది కూర్చున్నారు. నలుగురు లేచారు. మిగతా ఏడుగురూ ఎంత పెనుగులాడినా లేవలేక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి నిండా ఇరవయ్యేళ్లది, పాలు తాగే బిడ్డ తల్లి. మేస్త్రీ నవ్వు మానేసి మొలతాడుకున్న తాళంచెవి తీశాడు, తవుడు గది తలుపు తెరిచి పక్కకు తప్పుకున్నాడు.

సాయంత్రం పోలినాయుడు ఇదంతా గురువుగారికి చెబుతూ మళ్లీ ఊగిపోయాడు. “ఏడుగురండీ! రోజూ కళ్లముందే తిరుగుతున్నారు. ఏడాదిగా మేస్త్రీ చూడలేదు, ఊరు చూడలేదు, నేను చూడలేదు. ఒక్కరికీ అనుమానం రాలేదెందుకు?”

ఆచార్యులవారు ఆ ఒక్కసారి మాత్రం రేపటిదాకా ఆగలేదు.

“కడుపు నిండిన మనిషి ఇంకేమీ అడగదని లోకం ధైర్యంరా,” అన్నారు. “లోపలి కణాలకు ఆ మర్యాద తెలీదు.”