నాలుగు చెవుల పెట్టె

ఉస్తాద్ ఖాసిం పీరా నోటివెంట "సరే" అన్న మాట రానిదే ఆ షెడ్డులోంచి బండి గుమ్మం దాటదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇర్మియాకి ఒళ్ళు మండేదీ అక్కడే.

పాత అంబాసిడర్ కారు. ఇంజను పీకేసి కరెంటు మోటారు పెట్టారు. వెనక సీటు కింద బ్యాటరీల పెట్టె బిగించడం ఒక్కటే మిగిలింది. ఆ ఇనప పెట్టె ఇర్మియా సొంతంగా చేసిన మొదటి పని. సాయంత్రం బండిగలాయన చలమయ్య వస్తాడు. తెల్లారితే ఆయన పిల్లాజెల్లాతో శ్రీశైలం ఘాటు ఎక్కాలి.

"పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నారు ఉస్తాద్. ఏం తక్కువైందో చెప్పండి. నా చేతిపని మీద నమ్మకం లేదా?"

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. ఉస్తాద్‌తో అట్లా మాట్లాడినవాడు గుంటూరు ఆటోనగర్లో ఇంతదాకా లేడు మరి!

పెద్దాయన కోప్పడలేదు. "బ్యాటరీలంత బరువు తుక్కు ఇనుము పెట్టెలో వెయ్," అన్నాడు. ఇర్మియా విసురుగా వేశాడు.

"ఇప్పుడు నాలుగు చెవులకీ గొలుసు తగిలించి పైకి లాగు."

పెట్టెని బండికి పట్టి ఉంచేవి మూలల్లో అతికిన ఆ నాలుగు ఇనప చెవులే, బోల్టులు దిగేది వాటిలోనే. ఇర్మియా కప్పీ గొలుసు లాగాడు. పెట్టె నడుమెత్తు లేచింది. ఉస్తాద్ గోనెపట్టా తెచ్చి దాని కింద పరిచి, టోపీ తీసి పక్కన పెట్టి, వెల్లకిలా పడుకున్నాడు.

"ఉస్తాద్! ఇదేం పని?"

"ఘాట్లో బండి బోర్లా పడిందనుకో. పెట్టె ఇట్లాగే గదరా వేలాడేది, సీట్లోవాళ్ళ నెత్తిన? కాసేపు కునుకు తీస్తా. గొలుసు వదలమాక." కళ్ళు మూసుకున్నాడు.

గొలుసు కిర్రుమంది. ఇర్మియా చూపు ఒక మూలకే పోయింది. పెట్టె చేసేటప్పుడు మూడు చెవులు చక్కగా కుదిరాయి. నాలుగోది కుదిరి చావలేదు. మిగిలిన సందు మీద పైపైన వెల్డింగు పూసి, గ్రైండరుతో నున్నగా అరగదీసి, నల్లరంగు కొట్టేశాడు. ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాడు. ఇప్పుడు ఆ మూల కింద, తనకి అన్నం పెట్టి పని నేర్పిన మనిషి గుండెకాయ ఉంది. ఆగుతుందేమో. ఆగదేమో. పెట్టె సన్నగా ఊగింది.

"లేవండి! మీ కాళ్ళు పట్టుకుంటా, అవతలికి రండి ఉస్తాద్!" ఏడుపు గొంతుతో అరిచేశాడు.

ఉస్తాద్ నింపాదిగా దొర్లి ఇవతలికొచ్చాడు. ఇర్మియా పెట్టెని దించాడు.

"ఏది?"

ఇర్మియా వెతకలేదు. తిన్నగా వెళ్ళి ఒక చెవి మీద వేలు పెట్టాడు.

ఉస్తాద్ కళ్ళజోడు తుడుచుకుని వంగాడు. దాన్నీ, మిగతా మూడింటినీ మార్చి మార్చి చూశాడు.

"నాకైతే నాలుగూ ఒక్కలాగే కనపడుతున్నాయిరా," అన్నాడు.