బురద అంటని మల్లన్న

గోదావరి మధ్యలో ఒక లంక. ఆ లంకలో గడ్డి ఎంత ఎత్తు పెరిగేదంటే, ఒంటె అందులోకి దిగి నడిచిపోతున్నా మూపురం కనపడేది కాదు. గోదావరికి ఒంటె ఎందుకొచ్చిందని అడక్కండి, ఆ గడ్డి సంగతి వినే వచ్చింది.

ఎండాకాలం ముదిరేసరికి ఏటి అవతల కొండల్లో పచ్చటి పోచ మిగల్లేదు. కొండ జంతువుల కన్ను లంక గడ్డి మీద పడింది. రెండు వైపులా కాలేజీలు పెట్టుకుని చదువుకుంటున్న జంతువులు కదా, కొమ్ములూ కోరలూ విరగ్గొట్టుకోవటం ఎందుకు, ఫుట్‌బాల్ ఆడి తేల్చుకుందాం అన్నారు. లంక కాలేజీ గెలిస్తే గడ్డి లంకవాళ్ళదే. కొండ కాలేజీ గెలిస్తే వేసవంతా కొండవాళ్ళు మేస్తారు, లంకవాళ్ళు ఎండుటాకులు నమలాలి.

కొండవాళ్ళ ముందు వరసలో అడవిపంది గండడు ఆడేవాడు. వాడు తన్నితే బంతి మబ్బుకి చిల్లు పెట్టేది, ఆ చిల్లులోంచి వాన పడేది. నేను తడిశాను కాబట్టి చెబుతున్నాను. అంతటి గండడు పొద్దుగూకేదాకా ఆడినా ఒక్క గోలూ పడలేదు. లంకవాళ్ళూ వెయ్యలేకపోయారు. ఆట సమమైంది. రేపు మళ్ళీ ఆడాలి, దాంతో తేలిపోవాలి అన్నారు.

ఆట ముగియగానే లంక కెప్టెన్ పొట్టేలు గవర్రాజు కంగారుగా డ్రిల్లు మాస్టారి దగ్గరికి పరిగెత్తాడు. ఆ మాస్టారు ఎవరో కాదు, నక్క పాపారాయుడు.

"మాస్టారూ, మన డిఫెన్స్ ఎలా ఉందంటారు? రేపు ఎవర్ని ఉంచాలి, ఎవర్ని తియ్యాలి?"

నక్క మీసం దువ్వుకుంది. "డిఫెన్స్ అంటే ఏవిటి గవర్రాజూ? పడాలి, లేవాలి, దొర్లాలి. ఈ ఒండ్రు నేలలో నిజంగా ఆడినవాడి ఒంటినిండా బురద ఉంటుంది. ఆ బురదే మార్కులు. అందర్నీ వరసగా నిలబెట్టు, చూస్తాను."

నిలబెట్టారు. గాడిదకి మోకాళ్ళ దాకా బురద. "పరవాలేదు" అంది నక్క. గేదె కర్రెమ్మకి కొమ్ముల చివరి దాకా బురద. కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

"ఆహా! చూడండర్రా! కర్రెమ్మ వదిన ప్రాణం పెట్టి ఆడింది. నూటికి నూరు!"

చివర్న నిలబడ్డాడు ఎద్దు మల్లన్న. తెల్లటి ఒళ్ళు, ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. మచ్చుకి ఒక్క బురద చుక్క లేదు. నక్క అతని చుట్టూ తిరిగింది.

"మల్లన్నా, ఆటకొచ్చావా, పెళ్ళికొచ్చావా?"

అందరూ గొల్లుమన్నారు.

"ఆటకే మాస్టారూ."

"బంతి తన్నావా?"

"లేదండి."

"పోనీ ఎవర్నైనా పడగొట్టావా?"

"లేదండి."

"మరేం చేశావయ్యా?"

"నిలబడ్డానండి."

"విన్నారా! నిలబడ్డాట్ట! కరెంటు స్తంభమూ నిలబడుతుంది, దానికీ జట్టులో చోటిద్దామా? గవర్రాజూ, రేపు ఇతన్ని తీసెయ్."

గవర్రాజు తలూపాడు. ఎదురు చెప్పటం మల్లన్నకి అలవాటు లేదు. తల వంచుకుని వెళ్ళబోయాడు.

"ఆగండాగండి" అంది కర్రెమ్మ. "మాస్టారూ, నాకు నూరు మార్కులు పడ్డాయి కదా, ఈ బురద ఆటలో అంటింది కాదండీ. ఎండ మాడ్చేస్తుంటే ఆ చివర గుంటలో పడుకున్నాను."

గవర్రాజు చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఆట మధ్యలోనా అత్తా?"

"ఆ. సగం నుంచీ అక్కడే."

"సిగ్గులేదూ! అటు గండడు వచ్చి ఉంటే?"

"రాలేదు కదరా అబ్బాయ్! ముందర మల్లన్న నిలబడ్డాడు. ఇంక మనకేం భయం అనుకున్నానేమో, కన్ను కూడా అంటుకుంది. నన్నంటావేం, గోలు దగ్గర కోతి ఏం వెలగబెట్టిందో అడుగు."

కోతి చెట్టు మీంచి దిగకుండానే చెప్పింది. "పేలు చూసుకున్నాను. బంతి వస్తేగా పట్టుకోటానికి!"

గవర్రాజు తిన్నగా మైదానంలోకి నడిచాడు. వెనకాలే అందరూ నడిచారు. మెత్తటి ఒండ్రు మీద గండడి గిట్టల గుర్తులు గుంటలు గుంటలుగా ఉన్నాయి. ఒక్కో గుంటలో బాతుల కుటుంబం కాపురం పెట్టొచ్చు. ఆ గుర్తులన్నీ గోలు వైపే దూసుకొచ్చాయి. మల్లన్న నిలబడిన చోటు దగ్గరపడేసరికి, బండరాయి ఎదురైన ఏటిపాయలా పక్కకి మళ్ళిపోయాయి. వచ్చిన ప్రతిసారీ అంతే. మల్లన్న వెనక నుంచి గోలు దాకా నేల మీద ఒక్క గిట్ట గుర్తు లేదు. ముగ్గేసుకోవచ్చు.

ఎవరో గుళ్ళోకి వచ్చినట్టు కాళ్ళు తుడుచుకున్నారు.

నక్క తోక విదిలించింది. "ఇదంతా ఉత్తుత్తిదే! గండడికి అటు ఎండ కళ్ళల్లో పడుంటుంది!"

"అయితే మీరే బంతి తీసుకుని మల్లన్నని దాటండి మాస్టారూ" అంది కర్రెమ్మ చల్లగా. "కరెంటు స్తంభమేగా!"

అన్న మాట వెనక్కి తీసుకునే వీల్లేక నక్క బంతి ముందేసుకుని బయల్దేరింది.

ఏం చెప్పమంటారు! నక్క ఎడమకి వంగింది, మల్లన్న భుజం ఎడమకి తిరిగింది. కుడికి దూకింది, కొమ్ములు అప్పటికే కుడివైపు ఉన్నాయి. కాళ్ళ సందులోంచి దూరదామంటే గిట్ట ఒక్క వేలెడు జరిగింది, సందు లేకుండా పోయింది. నక్క ఎటు వెళ్ళాలని తలచినా, దానికంటే ముందు మల్లన్న చూపు అక్కడికెళ్ళి కూర్చునేది. నక్క తిరిగిన తిరుగుడుకి మైదానంలో సుడిగుండం పుట్టింది, పడవలు రెండు దారి తప్పి అందులోకొచ్చాయి. చివరికి నక్క కళ్ళు తిరిగి బురదలో బోర్లాపడి ఏడుపందుకుంది.

"గండడు మొత్తుకుంటే నమ్మలేదురా నాయనా! ఈ ఎద్దుని తప్పిస్తే తప్ప గెలవలేమని ఆట సగంలో వాడు చెప్పింది నిజమే!"

గవర్రాజు మెల్లిగా దగ్గరికొచ్చాడు. "గండడు మీకెందుకు చెప్పాడు మాస్టారూ?"

నక్కకి నాలుక కరుచుకోవటం ఆలస్యమైంది. "అదీ... కొండవాళ్ళు గెలిస్తే లంకలో పీతలన్నీ నావే అన్నాడు... మాటవరసకి..."

గవర్రాజు నాలుగడుగులు వెనక్కి వేసి ఒక్క కుమ్ము కుమ్మాడు. నక్క గోదావరి దాటి, కొండ దాటి, ఎక్కడ పడిందో చూద్దామని వెళ్ళిన కాకి వారానికి గానీ తిరిగి రాలేదు.

మర్నాడు ఆట మొదలైంది. గండడు బంతితో బయల్దేరితే లంక అదిరింది, గట్టున పుచ్చకాయలు వాటంతటవే పగిలాయి. ఎదురుగా మల్లన్న నిలబడి ఉన్నాడు. గండడు ఎడమకి చూశాడు. కుడికి చూశాడు. ఈసారి మళ్ళటానికి పక్కన దారి కూడా కనపడలేదు వాడికి. దడదడలాడే గిట్టలు ఆగిపోయాయి. అంతటి గండడు బంతిని అక్కడే వదిలేసి, తల వంచి మల్లన్నకి దండం పెట్టాడు.

వాడు తలెత్తేలోపు గవర్రాజు బంతి అందుకున్నాడు, గోలు కొట్టాడు. గడ్డి లంకవాళ్ళకే మిగిలింది. ఆ వేసవిలో లంక దూడలు ఎంత బలిశాయంటే, వాటి బరువుకి లంక ఒక జానెడు దిగింది.

నీతి: కాపలా గట్టిగా ఉన్నచోట, కాపలావాడు ఊరికే నిలబడ్డట్టే కనిపిస్తాడు.