ఊఁ అన్నది ఎవరికి?

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టకపోతే నేను చెప్పను. కొట్టేవాళ్ళు చెవులు ఇటు పెట్టి కొట్టండి. ఈ కథంతా ఆ ఊఁ గురించే.

రాజుగారికి తలనొప్పి పట్టుకుంది. శొంఠి పట్టుకి లొంగే నొప్పి కాదది. ఏడు సముద్రాల అవతల దీవిలో నీలిసంపెంగ పూస్తుందిట, అది వాసన చూస్తేనే తగ్గుతుందన్నారు వైద్యులు. పెద్దకొడుకు బయల్దేరి మొదటి సముద్రం చూసి, "అబ్బో, ఇన్ని నీళ్ళే!" అని వెనక్కొచ్చాడు. రెండోవాడు మూడో సముద్రందాకా పోయి, కడుపులో తిప్పి వెనక్కొచ్చాడు. మూడోవాడు మణికేతుడు. వాడికి కొత్తగా పెళ్ళయింది. భార్య పేరు మందారిక.

వెళ్ళేముందు ఆమెతో అన్నాడు: "నేను తిరిగొచ్చి తలుపు తట్టి, లోపలికి రానా అంటాను. నువ్వు ఊఁ అను. నువ్వు ఊఁ అంటేనే గడప దాటతాను."

మందారిక నవ్వి సరేనంది. పడవ ఎక్కాడు. దారిలో ఒడ్డున పడి గిలగిల్లాడే ఎండ్రకాయను నీళ్ళలో వదిలాడు. వలలో చిక్కిన తాబేలును విడిపించాడు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, మూడు దాటాడు, ఏడూ దాటాడు.

దీవిలో ఒక ముసలి సన్యాసి ఎదురొచ్చాడు. "నాయనా, అలిసిపోయావు, ఇంత గంజి తాగు" అన్నాడు. వాడు సన్యాసా? నా మొహం! వాడు భేరుండుడనే మాంత్రికుడు. మనవాడు గంజి తాగుతూ నోరు విప్పాడు. ఊరి పేరు చెప్పాడు, నాన్న తలనొప్పి చెప్పాడు, చివరికి తలుపు దగ్గర ఊఁ సంగతి కూడా చెప్పేశాడు. అడిగినవాడికీ అడగనివాడికీ ఇంట్లో మాట చెప్పే మగాళ్ళు ఆ కాలంలోనూ ఉన్నారు. చెప్పడం అయ్యీ అవగానే మాంత్రికుడు మంత్రం చదివి వాణ్ణి బండరాయి చేసేశాడు. అచ్చం వాడి రూపం, వాడి గొంతు, వాడి నడక తెచ్చుకుని, నీలిసంపెంగ చేత్తో పట్టుకుని, రాజుగారి ఊళ్ళో దిగాడు. ఆ పువ్వు వాసనకి రాజుగారి తలనొప్పి తగ్గింది.

తలుపు తట్టాడు. "నేనే. లోపలికి రానా?"

"ఊఁ" అంది మందారిక.

ఆ ఊఁ లో ఎంత సంతోషం ఉందో తెలుసా మీకు? వానాకాలమంతా ఆమె ఆ గుమ్మంలోనే నిలబడి ఎదురుచూసింది. ఆ సంతోషమంతా దొంగవెధవ పాలయింది. చలికాలమంతా వాడు ఆ ఇంట్లో మొగుడై ఉన్నాడు. ఒకే కంచంలో తిన్నాడు, ఒకే పడకమీద పడుకున్నాడు. అంతవరకు చెప్తే చాలు మీకు. మిగతాది పెద్దయ్యాక తెలుస్తుంది. తెలియాలి కూడా.

దీవిలో ఒక చిలక ఉంది. మాంత్రికుడి ప్రాణం తుమ్మెదై దాని కడుపులో ఉంది. "నన్నడిగి పెట్టాడా? వాడి ప్రాణం కోసం నేను పుట్టినప్పట్నించీ పంజరంలో!" అని దానికి ఒళ్ళు మంట. ఎండ్రకాయ వచ్చి పంజరం తాళ్ళు కత్తిరించింది. చిలక రోజూ విన్న మంత్రమే కదా, తిరగేసి చదివి రాయిని మళ్ళీ మణికేతుణ్ణి చేసింది. తాబేలు ఇద్దర్నీ ఏడు సముద్రాలూ దాటించింది.

గుమ్మంలోకొచ్చి చూస్తే ఏముంది? పీటమీద కూర్చుని ఇంకో మణికేతుడు పెరుగన్నం తింటున్నాడు. చిలక తిరగేసిన మంత్రం చదివింది. పీటమీదవాడి మొహం కరిగిపోయి మాంత్రికుడు బయటపడ్డాడు. మందారిక చేతిలో పెరుగుగిన్నె కింద పడింది. ఆమె పరుగెత్తుకెళ్ళి ఒళ్ళంతా చన్నీళ్ళు గుమ్మరించుకుంది. ఎన్ని బిందెలు పోసుకున్నా చాల్లేదు.

"చిలక మెడ విరిచేస్తాను" అన్నాడు మణికేతుడు.

"వద్దు" అంది మందారిక. "వీడు ఇక్కడే చస్తే, వీడు చేసింది నేరమని ఎవరంటారు? నా గురించి ఊరు ఏమంటుందో తెలుసుగా. సభలో తేలాలి. చిలక మన చేతిలో ఉండగా వీడెక్కడికి పోతాడు?"

ఆ రాజ్యంలో ఒక శాసనం ఉంది. సభ ముందు రాతిమీద చెక్కారు. "బలవంతం లేనిచోట నేరం లేదు. ఊఁ అన్నాక కాదనడం లేదు." నేరం కాదని తేలితే, ఆమే ఇష్టపడి పరాయివాడితో ఉన్నట్టు. అలాంటి ఆడదానికి గుండు గీయించి కోట బయటికి పంపేవాళ్ళు. అదీ ఆమె నెత్తిమీద ఉన్న కత్తి.

మర్నాడు ఉదయం సభలో ముందు ఇంకో తగువు తీర్చారు. వట్టిపోయిన గేదెని పాడిగేదె అని చెప్పి అమ్మాడొకడు. వాణ్ణి గాడిదమీద ఊరేగించారు. ఆ తర్వాత మందారికని పిలిచారు. మంత్రి మూడు ప్రశ్నలడిగాడు.

"కత్తి చూపించాడా?"

"లేదు."

"నోరు కట్టాడా?"

"లేదు."

"లోపలికి రానా అంటే నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నాను. నా భర్తకి అన్నాను."

"ఎవరికంటేనేం, అన్నావుగా" అన్నాడు మంత్రి. మాంత్రికుడు మీసం దువ్వుకున్నాడు.

"గేదెని కొన్నవాడూ ఊఁ అనే కొన్నాడు కదండీ. వాడికి న్యాయం జరిగింది. నేను గేదెపాటి చెయ్యనా?"

"అది వ్యాపారం. ఇది సంసారం" అన్నాడు మంత్రి. సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాడి నోట్లో మన్ను పొయ్యా!

ఆమె మొగుడివైపు చూసింది. వాడేమన్నాడో వినండి. "చలికాలమంతా ఉన్నాడు. ఒక్కరోజైనా నీకు అనుమానం రాలేదా?"

"సన్యాసి వేషం చూసి మీరు గంజి తాగలేదూ? ఆ ఊఁ సంగతి వాడికి చెప్పిందెవరు?" అంది. 

రాజుగారు నొసలు రుద్దుకుని, "మధ్యాహ్నం తీర్పు చెప్తాను" అన్నారు.

మధ్యాహ్నం మళ్ళీ సభ కూడింది. సింహాసనం పక్కన తెర, తెర వెనక ఎప్పుడూ రాణిగారు కూర్చుంటారు. తీర్పు చెప్పబోతుంటే తెర వెనకనించి రాణిగారి గొంతు: "ఏమండీ, మీ ముద్రిక మసకేసింది. ఇటిస్తారా, తుడిచిస్తాను?"

"ఊఁ" అన్నారు రాజుగారు. ఉంగరం తీసి తెర కిందనించి అందించారు.

తెర పక్కకి జరిగింది. మందారిక బయటికొచ్చింది. భుజంమీద రాణిగారి గొంతు పలికిన చిలక, వేలికి రాజముద్రిక. తెర వెనకాల రాణిగారు గోడకానుకుని కళ్ళు తుడుచుకుంటున్నారు. అత్తగారే లేచి చోటిచ్చింది మరి.

ముద్రిక ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్ళది. సభంతా లేచి నిలబడింది.

"దొంగతనం! అది ఇటియ్యి!" అన్నారు రాజుగారు.

"కత్తి చూపించానా మహారాజా?"

"లేదు, కానీ..."

"నోరు కట్టానా?"

"లేదమ్మా, కానీ..."

"ఊఁ అన్నారుగా."

"నేనన్నది నీకు కాదు! రాణి గొంతు విని రాణికన్నాను!"

"నేనూ అంతే మామగారూ" అంది మందారిక. "మీ అబ్బాయి గొంతు విని, మీ అబ్బాయికన్నాను."

 రాజుగారు రాతిపనివాణ్ణి పిలిపించి శాసనం కింద ఇంకో వాక్యం చెక్కించారు. "ఊఁ ఎవరికన్నదో వారిదే. వేషం వేసి పుచ్చుకున్నవాడు దోషి." మందారికకి ఏ మచ్చా లేదని సభలో చెప్పారు. ఆమె ముద్రిక తీసి ఆయన చేతిలో పెట్టింది.

అయిపోయిందనుకున్నారా? మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, శాసనం ఇవాళ చెక్కాం. వీడు చేసింది చలికాలంలో. కొత్త శాసనం వీడికి వర్తించదు. వదిలెయ్యాలి." మాంత్రికుడు పకపకా నవ్వాడు. రాజుగారు మళ్ళీ నొసలు పట్టుకున్నారు.

అప్పుడు చిలక ఎగిరొచ్చి, "నా మెడ విరవక్కర్లేదు, నాకూ ఇది అరగడంలేదు" అని దగ్గి, తుమ్మెదని కక్కి నేలమీద పడేసింది.

మందారిక మంత్రినడిగింది. "తుమ్మెదని తొక్కితే నేరమని ఏ శాసనంలోనైనా ఉందాండీ?"

మంత్రి ఆలోచించాడు. రాతిమీద పైవాక్యం చూశాడు, కిందవాక్యం చూశాడు. "లేదు" అన్నాడు.

ఆమె కాలు పెట్టింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

చిలక పంజరం లేకుండా ఎటో ఎగిరిపోయింది. మణికేతుడు ఆమె దగ్గరికొచ్చి మెత్తగా అన్నాడు: "జరిగిందేదో జరిగింది. నేను క్షమించేశాను. ఇంటికెళదాం, ఊఁ?"

"దేనికి క్షమించారు?" అని అడిగింది మందారిక.

 పాపం అనకండి, నాకు వాడంటే జాలి లేదు. ఆమె వాడి మొహంవంక చాలాసేపు చూసింది. అదే మొహం. అదే గొంతు. ఆ మొహంతోనే కదా ఆ రెండోవాడూ వచ్చింది.

ఏవర్రా, ఊఁ కొట్టేశారా అప్పుడే? మీరు కొడితే సరిపోదు, ఆమె కొట్టాలి. ఆమె కొట్టలేదు. కథ కంచికే వెళ్ళింది. ఆమె మాత్రం ఆ ఇంటికి వెళ్ళలేదు.