రుచిరథ మహారాజు వైశ్వానరుణ్ణి శాంతింపజేసిన కథ

పూర్వం, కృతయుగం గడిచిపోయి త్రేతాయుగం ఇంకా పసితనంలో ఉన్న రోజుల్లో, ఇక్షుమతీ నదీతీరాన ధాన్యవతీపురాన్ని రాజధానిగా చేసుకొని, శత్రువులకు కాలయముడై, ఆశ్రితులకు కల్పతరువై, రుచిరథుడనే మహారాజు ధర్మం తప్పక రాజ్యమేలుతుండేవాడు. పద్దెనిమిది యుద్ధాల్లో వెన్నుచూపని ఆ వీరశేఖరుణ్ణి ఒక వ్యాధి మాత్రం లొంగదీసుకుంది. అది ఆమ్లపిత్తం. రొమ్ములో మంట, గొంతులోకి పులుపు, బిగించిన డోలులా ఉబ్బిన కడుపు, నిండు కొలువులో రాజనీతి చెబుతుండగా అడ్డుపడే తేన్పు. మహారాజైనంత మాత్రాన తేన్పు ఆగుతుందా?

దీనికి మూలం ఆ వంశపు వ్రతంలోనే ఉంది. ప్రజల్లో ఎవరు ఏ వేళ అన్నం తెచ్చి ముందుంచినా, ఏలేవాడు దాన్ని వారి కళ్లెదుటే ఆరగించాలి. పూర్వరాజులు గంభీరులు కాబట్టి జనం జంకి ఏడాదికొకసారి తెచ్చేవారు. రుచిరథుడు వెన్నలాంటి మనసువాడు కాబట్టి రోజంతా తెచ్చేవారు. తెల్లవారకముందే కుమ్మరి ముదుసలి నందిక నువ్వుల అరిసెలతో వచ్చేది. తరువాత గొల్లల మీగడ పెరుగు, బెస్తల చేపల పులుసు, ప్రొద్దుగుంకాక పనస తొనలు. కాదంటే మనసు నొచ్చుకుంటారని ఆ దయామయుడు అన్నీ తినేవాడు.

రాజవైద్యుడైన జీవదత్తుడు ఉసిరి లేహ్యమిచ్చాడు, ధనియాల కషాయమిచ్చాడు, శంఖభస్మమిచ్చాడు. ఒక్కొక్కటీ నాలుగు రోజులు పనిచేసి అయిదోనాడు చేతులెత్తేసేది. ఈలోగా రాజుకు జబ్బన్న మాట ఊరూరా పాకింది. ఇంకేముంది, ఆ భక్తజనం చేసిన పని వినండి. మా ఇంటి జావ గుణమిస్తుందని ఒకరు, మా అల్లం పచ్చడి తిరుగులేనిదని ఇంకొకరు, గంపలతో బారులు తీరారు. మందుగా తెచ్చినదైనా అన్నం అన్నమే కదా, రాజు అన్నింటినీ ఆరగించాడు. రోగం దినదిన ప్రవర్ధమానమైంది.

ఇదంతా ఆయన ఒంటి బాధే అయితే ఓర్చుకునేవాడు. కానీ ఆ దేశానికి వర్షం మేఘేష్టి అనే యాగం వల్ల రావాలి. ఏటా ఆషాఢంలో ఋత్విజులు వరుణసూక్తం మొదలుపెట్టగానే రాజు వేదిక ముందు సాష్టాంగపడి, సూక్తం ముగిసేదాకా, అంటే ఒక ముహూర్తకాలం, తలెత్తకూడదు. వ్యాధి వచ్చిన తొలి ఏడు పులుపు గొంతుకెగదన్ని రాజు సగంలోనే లేచాడు. మరుసటి ఏడూ అంతే. రెండేళ్లుగా చినుకు లేదు. ఇక్షుమతిలో ఇసుక తేలింది. మూడోసారి తప్పితే బావులు కూడా అడుగంటుతాయని పురోహితులు తలలు వంచుకు చెప్పారు. తన కడుపు తన ప్రజల కడుపు కొడుతోందని తలచి, ఆ నరేంద్రుడు సిగ్గుతో కుమిలిపోయాడు.

అట్టి సమయంలో తపోనిధియైన శమీమిత్ర మహర్షి రాజమందిరానికి విచ్చేసి, అర్ఘ్యపాద్యాలందుకొని, రాజు గోడంతా విని, మందు పేరెత్తకుండా తిన్నగా అగ్నిశాలలోకి నడిచాడు. అక్కడ నిత్యాగ్ని నిర్మలంగా జ్వలిస్తోంది. మహర్షి దోసిళ్లకొద్దీ సమిధలు వేసి, అవి అంటుకోకముందే నెయ్యి గుమ్మరించి, దానిమీద మళ్లీ సమిధలు, హోమాన్నమైన చరువు, పేలాలు కుమ్మరించసాగాడు. జ్వాల అణగి, నల్లని పొగ సుడులు తిరిగి శాలంతా కమ్మింది. రాజు దగ్గుతూ అడ్డువచ్చాడు.

"మహాత్మా, మన్నించండి. వేసిన ఆహుతి దగ్ధం కానిదే మరో ఆహుతి వేయరాదని తమకు నేను చెప్పవలసిన వాణ్ణి కాను. అగ్ని ఉక్కిరిబిక్కిరవుతున్నాడు."

"ఈ ధర్మం నీకు బాగా తెలుసు గదా, నాయనా," అని మహర్షి చేయి కడుక్కున్నాడు.

అప్పుడా పొగలోంచి సప్తజిహ్వుడు, మేషవాహనుడు, హవ్యవాహనుడు అయిన అగ్నిదేవుడు, కన్నులు ఎర్రబారి నీరు కారుతుండగా ప్రత్యక్షమై, ఇలా పలికాడు.

"రాజా, కుండంలో నన్ను వేళకు అర్చిస్తావు. నీ జఠరంలో వైశ్వానరుడినై ఉన్నదీ నేనే. అక్కడ నాకొక్క గడియ విరామమిచ్చావా? కాలనిదాని మీద కాలనిది పేరుస్తుంటే దారి లేక నీ గొంతుకెగబాకుతున్నాను. వైద్యుని మందు మంచిదే. అది పనిచేయడానికి నువ్వు చోటు మిగల్చలేదు."

రాజు చేతులు జోడించాడు. "దేవా, తెచ్చినవారిని కాదనే నోరు నాకు లేదు."

"అది నేనిచ్చే వరం కాదు. నువ్వే తెచ్చుకోవాలి," అని అగ్నిదేవుడు అంతర్ధానమయ్యాడు.

మర్నాడు ఉదయం నందిక అరిసెల బుట్టతో రానే వచ్చింది. శత్రుసేనల ముందు తలవంచని రాజు ఆ ముసలమ్మ ముందు తలవంచాడు.

"అవ్వా, ఇప్పుడు తినలేను. తింటే నాకు మంట పుడుతోంది. వ్రతం తప్పుతున్నాను, క్షమించు."

ఆమె నిర్ఘాంతపోయి బుట్ట కింద పెట్టింది.

"నీకు చేటని తెలిస్తే తెచ్చేదాన్నా, నాయనా? ఇన్నేళ్లూ నోరెందుకు మెదపలేదు? నువ్వు తినకపోతే ఏమనుకుంటామని తిన్నావు, మేము పెట్టకపోతే ఏమనుకుంటావని పెట్టాం. సరిపోయింది ఇద్దరికీ. నేను అందరికీ చెబుతాలే. ఆకలేసినప్పుడు కబురు పెట్టు, అందరం పంక్తిలో కూర్చుని తిందాం."

ఆ మాటకు రుచిరథుడికి కళ్లు చెమర్చాయి. ఆనాటినుంచి రోజుకు రెండు పూటలే, ప్రజలతో కలిసి, కొంచెం ఆకలి మిగిల్చి, సూర్యాస్తమయానికి ముందే భోజనం ముగించేవాడు. తలగడ ఎత్తు పెంచి శయనించేవాడు. పదహారోనాడు పనసపండు వాసనకు లొంగి మళ్లీ మంట తెచ్చుకొని, ఇక నాకు విముక్తి లేదని నిస్పృహ చెందగా, జీవదత్తుడు నవ్వి, "ప్రభూ, ఒక్కనాడు గుర్రం కిందపడేస్తే స్వారీ మానేస్తామా?" అని కషాయం చేతికిచ్చాడు. ఈసారి కషాయం పనిచేసింది.

ఆషాఢం వచ్చింది. వేదిక చుట్టూ దేశమంతా ఊపిరి బిగపట్టి నిలబడింది. సూక్తం మొదలుకాగానే రాజు సాష్టాంగపడ్డాడు. సగం గడిచేసరికి రొమ్ము కింద ఒక వెచ్చని సెగ కదిలింది. రాజు భుజాలు కదలడం చూసి జనం ముఖాలు పాలిపోయాయి. రాజు మాత్రం లోపలి దేవుణ్ణి ఉద్దేశించి, 'స్వామీ, నిన్న సాయంత్రం నుంచి నీకు ఏ బరువూ పెట్టలేదు, ఈ ముహూర్తం ఓర్చుకో' అని మనసులో విన్నవించుకున్నాడు. సెగ మెల్లగా దిగిపోయింది. చివరి ఋక్కు ముగిసేదాకా ఆయన నుదురు నేలను వీడలేదు.

పడమట మేఘం ఉరిమింది. వాన ఆయన వీపు మీదే మొదట పడింది.

జనం జయజయధ్వానాలు చేస్తుండగా, అగ్నిదేవుడు వేదిక నుంచి వరమిచ్చాడు. "రాజా, మంట ఎన్నడూ రాదని నేను చెప్పను. హద్దు దాటినప్పుడు గొంతు దగ్గరికి వచ్చి హెచ్చరిస్తాను. వేళ తప్పనంతకాలం నీకు మిత్రుడినై, నీ బలమై ఉంటాను." రుచిరథుడు తడిసిన బట్టలతోనే నమస్కరించి, నూరేళ్లు ఆ హెచ్చరికను మన్నిస్తూ, నిండుగా రాజ్యమేలాడు.

ఈ కథను భక్తితో చదివినవారికి జఠరాగ్ని ప్రసన్నమవుతుందని పెద్దలంటారు. అయితే భోంచేస్తూ చదివితే ఫలమెంతో, ఆ సంగతి పెద్దలు చెప్పలేదు.